క్లాత్ డైపర్‌లో మూడు ఇన్సర్ట్‌లు వేసినా రాత్రి పక్క తడుస్తోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: అక్కా, మాది ఒంగోలు. మా బాబుకి 20 నెలలు, 11 కిలోలు ఉన్నాడు. ఆరో నెల నుంచి క్లాత్ డైపర్లే వాడుతున్నాను. పగలు ఏ ఇబ్బందీ లేదు. రాత్రి 8:30కి పాలసీసా తాగుతూ నిద్రపోతాడు, 3 గంటలకల్లా పక్కంతా తడి. ఇదివరకు డైపర్ లోపలి పాకెట్‌లో రెండు మైక్రోఫైబర్ ఇన్సర్ట్‌లు (తడి పీల్చే పట్టీలు) పెట్టేదాన్ని. కారుతోందని నెల నుంచి మూడు పెడుతున్నాను, ఇంకా ఎక్కువ కారుతోంది! బనీను ఛాతీ దాకా తడిసిపోతుంది. తీరా తీసి చూస్తే ఇన్సర్ట్‌లు వెనక సగం పొడిగానే ఉంటున్నాయి. వాడు బోర్లా పడుకుంటాడు. సాయంత్రం కొబ్బరినూనె రాసి స్నానం చేయిస్తాను. మాకు అన్నిటికీ బోరు నీళ్ళే. "రాత్రికి కొన్న డైపర్ వేసెయ్యమ్మా, అంత మందం కడితే పిల్లాడికి దొడ్డికాళ్ళు వస్తాయి" అని అత్తయ్యగారు అంటున్నారు. 14 నెలలు కష్టపడి ఇప్పుడు వదిలెయ్యాలని లేదు. ఏదైనా దారి చెప్పండి.

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు. నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట "వెనక సగం పొడిగానే ఉంటున్నాయి" అన్నది. అర్ధరాత్రి నిద్రమత్తులో తడి డైపర్ విప్పి బకెట్లో పడేసే వాళ్ళమే అందరం. నువ్వు తడిమి చూశావు. ఆ ఒక్క పని చేశావు కాబట్టే నీకు ఊహించి కాకుండా తెలిసి జవాబు చెప్పగలుగుతున్నాను.

డైపర్ కారిందంటే మొదట తేల్చుకోవలసింది అదే. ఇన్సర్ట్ ఈ కొస నుంచి ఆ కొస దాకా నానిపోయి, పిండితే ధారగా కారేటట్టు ఉందనుకో, బట్ట చాలలేదు, ఇంకా వెయ్యాలి. సగం పొడిగా ఉండగానే పక్క తడిసిందంటే బట్ట చాలకపోవడం కాదు, తడి బట్టలోకి చేరే లోపలే బయటికి దారి దొరికింది. అప్పుడు ఇంకో ఇన్సర్ట్ కలిపితే తగ్గకపోగా పెరుగుతుంది. నీకు జరిగింది అదే.

ఎందుకు పెరిగిందో చెబుతాను. పాకెట్‌లో మూడు మైక్రోఫైబర్లు కుక్కితే కాళ్ళ మధ్య ఇటుకలా తయారవుతుంది. ఆ మందానికి డైపర్ పక్కలు తొడల దగ్గర పైకి లేచి, ఎలాస్టిక్‌కీ ఒంటికీ మధ్య వేలు పట్టేంత సందు వస్తుంది. దానికి తోడు మైక్రోఫైబర్ గుణం ఒకటుంది. తడిని గబుక్కున పీల్చుకుంటుంది, కానీ గట్టిగా పట్టుకోదు. అంట్లు తోమే స్పాంజి లాంటిదన్నమాట, నొక్కితే వదిలేస్తుంది. నీ కొడుకు 11 కిలోల బరువుతో బోర్లా పడి దాన్ని రాత్రంతా నొక్కుతూనే ఉంటాడు. ముందు భాగం తాగిన తడినంతా మళ్ళీ పొట్టవైపుకే కక్కుతుంది. అక్కణ్ణుంచి బనీనుకి.

నమ్మకం కుదరకపోతే పగలు ఒకసారి చేసి చూడు. మైక్రోఫైబర్ ఇన్సర్ట్ ఒకటి, పాత కాటన్ చీర ముక్క అదే మందానికి మడతపెట్టి ఇంకొకటి, రెండూ నీళ్ళలో ముంచి, బొట్లు కారడం ఆగేదాకా తీగ మీద వెయ్యి. తరవాత రెండు పళ్ళేల్లో పెట్టి అరచేత్తో బలంగా నొక్కు. మైక్రోఫైబర్ పళ్ళెంలో చిన్న మడుగే కడుతుంది. చీర ముక్క కింద అంతకన్నా బాగా తక్కువ నీళ్ళు కనిపిస్తాయి.

అందుకని రాత్రికి మూడు మైక్రోఫైబర్లు వద్దు. పైన, అంటే పిల్లాడి వైపు, పాకెట్ పొర కింద ఒక్క మైక్రోఫైబర్ ఉంచు. ఈ వయసు పిల్లల మూత్రాశయం సుమారు 100 మిల్లీలీటర్లు పడుతుంది. గాఢ నిద్రలో అదంతా ఒక్క విడతలో వచ్చేస్తుంది. అంత ధారని గబుక్కున అందుకోవడానికి ఆ ఒక్క పొర పనికొస్తుంది. దాని కింద కాటన్‌దో, బాంబూదో, హెంప్‌దో (గంజాయి జాతి మొక్క నారతో నేసిన బట్ట) పలచటి ఇన్సర్ట్ పెట్టు. ఇవి నెమ్మదిగా తాగుతాయి, తాగింది తొందరగా వదలవు. మూడింటిలోకీ హెంప్ గట్టిది, పలచగా ఉండి ఎక్కువ పట్టుకుంటుంది. కొనగలిగితే ఒక రెండు కొను. కొన్న వెంటనే రాత్రికి వాడకు. కొత్త కాటన్, హెంప్ నారలో సహజంగా ఉండే మైనం, జిడ్డు పోవాలి. అయిదారు ఉతుకులు పడితే గానీ అవి సరిగా తాగవు. ఒక్క ఉతుక్కే వాడేసి "ఇదీ కారుతోంది" అని పక్కన పడేసిన వాళ్ళని చాలామందిని చూశాను.

కొనకపోయినా ఏం పర్వాలేదు. మీ ఇంట్లో మెత్తబడిన పాత నేతచీరో, మామయ్యగారి పాత పంచో ఉండే ఉంటుంది. దాన్ని గజానికి కాస్త తక్కువగా చదరంగా కత్తిరించి, అంచులు మడిచి కుట్టుకో. ఇన్సర్ట్ వెడల్పుకి పట్టీలా మడిచి, ఆ పట్టీలో మూడో వంతుని ముందువైపుకి తిప్పి మడు. అంటే ముందు రెట్టింపు పొరలు, వెనక మామూలు పొరలు. మగపిల్లాడు, అందులోనూ బోర్లా పడుకునేవాడు, తడిపేదంతా ముందు భాగమే. ఇన్నాళ్ళూ నువ్వు వేసిన మూడు పొరల్లో వెనక సగం ఉత్త బరువు. ఆ బట్టనే ముందుకి తెస్తే, మొత్తం మందం తగ్గి కూడా ఎక్కువ ఆగుతుంది. పైగా విప్పేస్తే ఒక్క పొరే కాబట్టి ముసురు పట్టినా పూటలో ఆరిపోతుంది. మన అమ్మమ్మలు లంగోటాలకి పాత చీరలే ఎందుకు వాడారో నాకు మా రెండోవాడు పుట్టిన శ్రావణంలో అర్థమైంది. కుట్టుడు ఇన్సర్ట్‌లు రెండు రోజులైనా ఆరక ముక్కవాసన వస్తుంటే, చీర ముక్కలు ఫ్యాను కింద పొద్దుటికల్లా తయారుగా ఉండేవి.

ఇక బనీను సంగతి. ఛాతీ దాకా తడుస్తోందన్నావు. పక్కకన్నా ముందు బనీను తడుస్తోందంటే, దాని అంచు డైపర్ నడుములోకి ఇరుక్కుంటోందేమో చూడు. ఒక అంగుళం అంచు లోపల చిక్కుకున్నా చాలు, దీపం ఒత్తి నూనెని లాగినట్టు తడిని పైకి లాగేస్తుంది. నడుము దగ్గర లోపలి మెత్తటి పొర బయటికి తొంగి చూస్తున్నా ఇంతే. రాత్రి డైపర్ కట్టాక నడుం చుట్టూ ఒకసారి వేలు తిప్పి, బనీను పైకి లాగి, లోపలి పొర లోపలికి దోపు. పైన బిగుతు లెగ్గింగులు, కింద బటన్లు ఉండే బిగుతు బాడీసూట్లు వెయ్యకు, అవి కూడా ఇన్సర్ట్‌ని నొక్కి పిండుతాయి. వదులు నిక్కరు చాలు.

తొడల దగ్గర ఎలాస్టిక్ ఎక్కడ కూర్చోవాలంటే, చడ్డీ అంచు కూర్చునే చోట, గజ్జల మడతలో. తొడ మీదికి జారితే సందు తప్పదు. టిచ్ బటన్లు పెట్టేముందు రెండు కాళ్ళూ కొంచెం పైకెత్తి, డైపర్‌ని మడతలోకి సర్ది, అప్పుడు నడుం బిగించు. నడుములో రెండు వేళ్ళు పట్టాలి. మగపిల్లలకి అంగం కిందికి ఉండేట్టు సర్దడం మరిచిపోకు. అది పైకి గానీ పక్కకి గానీ ఉంటే ఎన్ని పొరలు వేసినా ధార నేరుగా నడుం అంచు మీదికే పోతుంది. ముందు వరసలో పొడవు తగ్గించే బటన్లు ఉంటాయి కదా, పగటికీ రాత్రికీ ఒకే వరస పెడుతున్నావేమో. రాత్రి మందం ఎక్కువ కాబట్టి ఒక వరస వదలాలి. పొద్దున్నే తొడ మీద ఎర్రటి గీత కనిపించి కాసేపట్లో పోతే భయం లేదు. పోకుండా ఉంటే బిగువు ఎక్కువైనట్టు.

ఇక్కడిదాకా ఒక్క రాత్రిలో సరిచేసుకోవచ్చు. నాకు ఎక్కువ అనుమానంగా ఉన్నవి మాత్రం నీ కొబ్బరినూనె, బోరు నీళ్ళు.

పొడి ఇన్సర్ట్ ఒకటి తీసి బల్ల మీద పరిచి, చెంచాతో నాలుగు చుక్కల నీళ్ళు పొయ్యి. వెంటనే ఇంకిపోతే బట్ట బాగున్నట్టు. తామరాకు మీద నీటిబొట్టులా నిలబడి దొర్లితే, నారల మీద జిడ్డు పొర కట్టిందని అర్థం. పాకెట్ లోపలి పొరకీ, ముఖ్యంగా పిల్లాడి ఒంటికి తగిలే వైపుకీ, ఈ పరీక్ష తప్పకుండా చెయ్యి, అక్కడ చుక్క కాసేపు నిలిచినా వేలితో నొక్కితే లోపలికి ఇంకాలి. సాయంత్రం నూనె రాసి ఎంత సున్నిపిండితో రుద్దినా నడుం దగ్గర, తొడల మడతల్లో జిడ్డు మిగులుతుంది. రాత్రంతా అది డైపర్‌కి అంటుతుంది. రోజూ కొంచెం, నెలల తరబడి. ఒరుసుకుపోయిన చోట రాసే తెల్లటి జింకు క్రీములు ఇంకా మొండివి. నూనె మానమని నేను చెప్పను, పిల్లాడి ఒంటికి మంచిదని నువ్వు ఇష్టంగా చేస్తున్న పని. పొద్దుటి స్నానానికి మార్చు, లేదా డైపర్ కప్పే చోట మాత్రం రాయకు. క్రీము రాయక తప్పని రోజు మధ్యలో పలచటి గుడ్డ ముక్క ఒకటి వెయ్యి.

బట్టలు ఘుమఘుమలాడాలని చివర్లో వేసే ఫ్యాబ్రిక్ కండీషనర్ వాడుతుంటే డైపర్లకి ఈ రోజే ఆపెయ్యి. అది మెత్తదనం తెచ్చేదే నార మీద పొరలా పట్టి. ఆ పొరే తడిని లోపలికి పోనివ్వదు.

బోరు నీళ్ళది ఇంకో కథ. మీ గీజరు రాడ్డుకి, బకెట్ అంచుకి తెల్లగా పెచ్చు కడుతోందా? సబ్బు సరిగా నురగ రావడం లేదా? ఆ పెచ్చే ఇన్సర్ట్ నారల మధ్య కూడా కూర్చుంటుంది. ఎండలో ఆరిన ఇన్సర్ట్ అప్పడంలా బిరుసెక్కడం, పొద్దున్న విప్పగానే కళ్ళు మండే ఘాటు రావడం దాని గుర్తులు. సున్నపు నీళ్ళలో సగం సబ్బు ఆ సున్నంతో పోరాడటానికే ఖర్చయిపోతుంది. క్లాత్ డైపర్లకి డిటర్జెంట్ చాలా తక్కువ వెయ్యాలని ఎవరో చెప్పిన మాట మన బోరు నీళ్ళకి పనికిరాదు. మామూలు బట్టలకి ఎంత వేస్తావో అంతా వెయ్యి, తరవాత నురగ పోయేదాకా జాడించు.

ఒకసారి అన్నీ మొదటికి తీసుకురావాలంటే ఇలా చెయ్యి. ఆదివారం పొద్దున ఇన్సర్ట్‌లన్నీ ఉతికినవే తీసుకుని, చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో డిటర్జెంట్ వేసి రెండు మూడు గంటలు నానబెట్టు. నూనె జిడ్డు ఉన్నవాటికి అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి చేత్తో రుద్దు, మిషన్లో మాత్రం ఆ లిక్విడ్ పొయ్యకు. బాగా జాడించాక ఒక బకెట్ మంచినీళ్ళలో పెద్ద చెంచాడు నిమ్మఉప్పు కరిగించి అరగంట ముంచు. వంటకి వాడే నిమ్మఉప్పే, కిరాణా కొట్లో దొరుకుతుంది. సున్నం దానికి కరుగుతుంది. మళ్ళీ రెండుసార్లు జాడించి ఎండలో వెయ్యి. బ్లీచింగు పౌడరు లాంటిదేదీ దీంతో కలపకు, కలిస్తే ప్రమాదకరమైన వాయువు వస్తుంది. పైన ఉండే పాకెట్ కవర్లని ఈ వేడినీళ్ళలో వెయ్యొద్దు. నీళ్ళు బయటికి రాకుండా ఆపే పీయూఎల్ పొర, ఎలాస్టిక్ రెండూ పాడవుతాయి. వాటి జిడ్డుకి గోరువెచ్చటి నీళ్ళు, అదే లిక్విడ్ చుక్క, మెత్తటి బ్రష్షు చాలు, ఆరడం నీడలో. ఈ తతంగం నెలనెలా అక్కర్లేదు, నీటిచుక్క దొర్లినప్పుడే.

కవరుని చేతిలోకి తీసుకున్నప్పుడే కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూడు. సూది మొనంత వెలుతురు చుక్కలు కనిపించినా, లోపలి పొర బుడగలు లేచి బట్ట నుంచి విడిపోతున్నా, ఆ కవరు పగటికి పనికొస్తుందేమో గానీ రాత్రికి పనికిరాదు. తొడ ఎలాస్టిక్ లాగి వదిలితే టక్కున ముడుచుకోవాలి. 14 నెలల వాడకంలో సాగిపోయి ఉంటే దర్జీ దగ్గర మార్పించుకోవచ్చు, కవరు పారెయ్యక్కర్లేదు.

పాలసీసా గురించి కొంచెం నిక్కచ్చిగానే చెబుతాను. పాలు తాగుతూ నిద్రపోతే తడి ఒక్కటే కాదు, పాలలోని చక్కెర రాత్రంతా పళ్ళ మీద నిలిచి ముందు పళ్ళు పుచ్చిపోయే ప్రమాదం ఉంది. ఆ పాలు 7:30కి, అన్నం తినేటప్పుడే గ్లాసుతో ఇవ్వు. తరవాత పళ్ళు తుడిచి, 8:30కి బాత్రూములో కూర్చోబెట్టి "ష్ ష్" అను. పోస్తే మంచిదే, పోయకపోతే బలవంతం వద్దు. కానీ నీళ్ళు మాత్రం ఆపకు. మీ ఒంగోలు ఎండల్లో దాహమేసిన పిల్లాడికి నీళ్ళు తగ్గించి పక్క పొడిగా ఉంచుకోవడం తప్పు. సీసా మాన్పించడానికి వారం ఏడుస్తాడు, ఆ వారం రాత్రి నువ్వొక్కదానివే పడకుండా ఇంట్లో వాళ్ళ సాయం తీసుకో.

ఎంత తడి వస్తోందో తెలిస్తే ఎంత బట్ట కావాలో తెలుస్తుంది. వంటింట్లో కాటా ఉంటే, రాత్రి కట్టబోయే డైపర్‌ని ఇన్సర్ట్‌లతో సహా తూచి రాసి పెట్టుకో. పొద్దున విప్పాక మళ్ళీ తూచు. పెరిగిన ప్రతి గ్రామూ సుమారుగా ఒక మిల్లీలీటరు. మామూలుగా పిల్లలకి గంటకి కిలోకి 1 నుంచి 2 మిల్లీలీటర్లు వస్తుంది, అంటే మీవాడికి 9 గంటల్లో 100 నుంచి 200 దాకా. మా రెండోవాడికి ఈ వయసులో ఒకరోజు 190 గ్రాములు, పడుకునేముందు పాలు పట్టిన రోజు 300 పైన వచ్చింది. గోడ మీద క్యాలెండర్లో వారం రోజుల అంకెలు రాసుకున్నాక గానీ, నేను బట్ట మీద పెట్టుకున్న కోపం పాలసీసా మీద పెట్టుకోవలసిందని తెలియలేదు. నీ రాత్రి ఇన్సర్ట్‌లు ఎంత తాగుతాయో కూడా ఇలాగే తూచుకోవచ్చు, నీళ్ళలో ముంచి, బొట్లు ఆగాక, అరచేత్తో నొక్కిన తరవాత.

ఇవన్నీ సరిచేసినా 4, 5 గంటలకి తడుస్తుంటే, నువ్వు పడుకోబోయే ముందు 11 గంటలకి ఒకసారి మార్చెయ్యి. జీరో బల్బు వెలుగులో, మాట్లాడకుండా, అన్నీ ముందే తలగడ పక్కన పెట్టుకుని చేస్తే చాలామంది పిల్లలు లేవరు. మీవాడు లేచి గంట ఆడుకునే రకమైతే ఈ సలహా వదిలెయ్.

పక్క వేసేటప్పుడు కూడా ఒక ఉపాయం. పరుపు మీద రబ్బరు షీటో డ్రై షీటో, దాని మీద దుప్పటి, మళ్ళీ ఇంకో డ్రై షీటు, ఇంకో దుప్పటి. రాత్రి 3 గంటలకి తడిస్తే పై రెండూ లాగి కింద పడెయ్యి, కింద పొడి పక్క తయారుగా ఉంటుంది.

అత్తయ్యగారి మాటకి. దొడ్డికాళ్ళు డైపర్ వల్ల రావు. రెండేళ్ళలోపు పిల్లల కాళ్ళు కొంచెం వంపుగా ఉండటం మామూలే, తరవాత అవే సరవుతాయి. రెండేళ్ళు దాటాక కూడా వంపు పెరుగుతున్నా, ఒక కాలే వంగినా పిల్లల డాక్టరుకి చూపించాలి. ఆవిడ ఆదుర్దా మనవడి మీద ప్రేమే కాబట్టి, పై నీటిచుక్క పరీక్ష ఆవిడ ముందే చెయ్యి, చీర ముక్కలు ఆవిడ చేతే మడత పెట్టించు. లంగోటా మడతలు మనకన్నా ఆవిడకే బాగా తెలుసు. ఊరి ప్రయాణంలోనో, జ్వరం రాత్రో, నువ్వు అలిసిపోయిన రాత్రో కొన్న డైపర్ వేస్తే నీ 14 నెలల కష్టం ఏమీ వృథా కాదు.

ఒక్క జాగ్రత్త. ఉన్నట్టుండి బాగా దాహం పెరిగి, పగలూ రాత్రీ తడపడం ఎక్కువై, పిల్లాడు చిక్కిపోతుంటే ఇన్సర్ట్‌లు లెక్కపెడుతూ కూర్చోకు, అదే రోజు డాక్టరు దగ్గర షుగర్ పరీక్ష చేయించు. జ్వరం వచ్చి, పోసేటప్పుడు ఏడుస్తుంటే మూత్ర పరీక్ష. పొద్దుటి డైపర్ ఘాటు ఒక్కటే అయితే జబ్బు కాదు, రాత్రంతా నిలవ ఉండటం వల్లో, పైన చెప్పిన పెచ్చు వల్లో వచ్చేదే. విప్పగానే చల్లటి నీళ్ళలో ఒకసారి జాడించి ఆరేస్తే ఉతికేదాకా ముదరదు.

ఈ రాత్రికి మాత్రం అన్నీ ఒకేసారి మార్చకు, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. మొదటి రాత్రి మైక్రోఫైబర్ ఒకటి, కింద చీర పట్టీ ముందుకి మడిచి, బనీను పైకి లాగి. పాలసీసా జోలికి ఇంకా వెళ్ళకు. ఆదివారం ఇన్సర్ట్‌ల నానబెట్టుడు. వచ్చే వారం నుంచి పాలు 7:30కి. తడిసిన ప్రతిసారీ ముందా, వెనకా, తొడ పక్కనా, ఎన్ని గంటలకి అన్నది రాసుకో. తగ్గకపోతే ఆ నాలుగు ముక్కలూ నాకు రాసి పంపు.